పఠనపూర్వ చర్చ

గుమ్మలూరు శాఖా గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు పిల్లలు నవల చదువుకునేవారు. పైవాళ్ళు ప్రోత్సహించారు. ఇప్పుడు చదవడం లేదు. ఇందులో వాదించడానికేమీ లేదని పోలిశెట్టి గవర్రాజు ఏనాడో తేల్చేశాడు. వాదించడానికి వచ్చినవాళ్ళని అరుగు ఎక్కనివ్వడం కూడా మానేశాడు.

ఆ శనివారాలు మొదలుపెట్టింది ఆయన భార్య సీతారత్నం. గవర్రాజు రైసుమిల్లులో బాయిలరు దగ్గర పనిచేసి మానేసిన మనిషి. ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. నవలలు పనిలేనివాళ్ళ కోసం రాస్తారని ఆయన నమ్మకం. సీతారత్నం నమ్మకం వేరు. ఆవిడ ఒక అధ్యాయం పైకి చదివేది. పుస్తకం మూసేది. "ఇప్పుడు చెప్పండర్రా, తప్పెవరిది?" అనేది. నవల్లోని మనుషుల పేర్లు బల్ల మీద సుద్దముక్కతో రాసి ఉండేవి. పిల్లలు తలా ఒక చింతపిక్క తీసుకుని, తప్పు ఎవరిదనుకుంటే వాళ్ళ పేరు మీద పెట్టాలి. పెట్టాక ఎందుకు పెట్టారో చెప్పాలి. గోల అక్కడ మొదలయ్యేది. తొమ్మిదీ పదీ చదివే పిల్లలు, ఇంట్లో ఊ ఆ తప్ప మాట పెగలనివాళ్ళు, ఎన్నడూ చూడని మనుషుల తరఫున బల్లలు గుద్ది కొట్లాడుకునేవారు. ఇంకా చదవని పేజీల్లోకి తొంగిచూడకూడదన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క నియమం. చూసినవాళ్ళు ఆ శనివారం గుమ్మం బయట కూర్చోవాలి.

ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి గవర్రాజు సైకిలు వేసుకుని వచ్చేవాడు. కావలసినదానికన్నా ముందే వచ్చేవాడు. గోడవార నిలబడి, వినడం లేదన్నట్టు వినేవాడు.

"గోగులపాటి రేవు" అనే నవల సగంలో ఉండగా సీతారత్నం పోయింది. దినకార్యం అయిన మరుసటి శనివారం గవర్రాజు వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడ ఆపిన చోట పుస్తకం తెరిచాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు.

"తాతగారండీ, మరీ ఎడ్లబండిలాగుందండి మీ చదువు," అన్నాడు అబ్బులు అనే కుర్రాడు.

"దిగి నడువు," అన్నాడు గవర్రాజు.

ఎవరూ దిగలేదు. వారానికో అధ్యాయం చొప్పున బండి నడిచింది. గవర్రాజు తలుచుకుంటే పుస్తకం ఇంటికి పట్టుకుపోయి మిగతాది చదివేసుకోవచ్చు. తలుచుకోలేదు. తొంగిచూడకూడదని ఆవిడ చెప్పింది. చచ్చిపోయినంత మాత్రాన చెప్పిన మాట రద్దవుతుందని ఆయన అనుకోలేదు.

నవల్లో నాగరత్తమ్మ అనే ఆవిడ ఏటి మీద బల్లకట్టు నడుపుతుంది. మొగుడు ఆ ఏట్లోనే పోయాడు. మరిది సూర్రావు ఆవిడ వాటా తినేసి, చాలక ఊరందరి ముందూ ఆవిడ నడత మీద నింద వేశాడు. చిట్టచివరి అధ్యాయానికి ముందు అధ్యాయంలో వరద వచ్చింది. బల్లకట్టు మీద సూర్రావు ఒక్కడూ చిక్కుకుపోయాడు. గట్టు మీద నాగరత్తమ్మ చేతిలో బల్లకట్టుకి కట్టిన తాడు ఉంది. అరచేతులు చిట్లి నెత్తురు కారుతోంది. ఏటి నడుమ నుంచి సూర్రావు ఆవిడ వైపు చూశాడు. అధ్యాయం అయిపోయింది.

గవర్రాజు పుస్తకం మూశాడు. మూయడం ఆయనకీ కష్టంగానే ఉంది.

"వదిలేస్తాది!" అని లేచాడు అబ్బులు. "వదలాలి. నేనైతే తాడు కోసి మరీ వదుల్తాను."

"నువ్వు మామిడికాయ కొయ్యలేవు గానీ తాడు కోస్తావంట," అంది ఝాన్సీ. పదో తరగతి పిల్ల. తండ్రి రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. "ఆవిడ వదల్దు. వదిల్తే ఆవిడికీ సూర్రావుకీ తేడా ఏముంది?"

"తేడా ఎందుకే? ఎంతకాలం మంచిదాన్లా పడుంటాది?"

"చేతులు చిట్లిపోయాయి కదా. జారిపోయిందని చెప్పొచ్చు, ఎవరికి తెలుస్తాది?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఆవిడికి తెలుస్తాది!" అని ఝాన్సీ బల్ల గుద్దింది. పిక్కలన్నీ ఎగిరిపడ్డాయి.

"ఆపకండి! దయచేసి కొనసాగించండి!" అన్న మాట గుమ్మంలోంచి వినబడింది.

ఆయన అయినంపూడి దివాకర్. పఠన వికాస మండలికి జిల్లా సమన్వయాధికారి. కౌమార పాఠకుల చర్చా బృందాలను పరిశీలించడానికి జిల్లా అంతా తిరుగుతున్నాడు. తిరిగిన ప్రతిచోటా పిల్లలు వరసగా కూర్చుని ఫ్యాను వైపు చూశారు. కథానాయకుడి గుణగణాలు చెప్పమంటే "మంచివాడండి" అన్నారు. గుమ్మలూరులో పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుచుకోవడం చూసేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంతటి భాగస్వామ్యం ఎలా సాధ్యపడుతోందండి? ఏ ప్రక్రియ అవలంబిస్తున్నారు?" అని గవర్రాజుని అడిగాడు.

"ప్రక్రియేముందండి. చదువుతాం. అరుస్తారు."

"అది సరేనండి. అరవడానికి ప్రేరణ?"

గవర్రాజుకి ఇంటికి పోవాలని ఉంది. "తర్వాతేం జరుగుద్దో తెలీదు. అందుకని అరుస్తారు," అన్నాడు.

దివాకర్ కలం ఆగింది. "తెలియకపోవడం," అన్నాడు, ఎవరో రహస్యం అప్పగించినట్టు. "అంతే కదండీ? తెలియకపోవడమే!"

"అంతే," అన్నాడు గవర్రాజు.

ఆ నెల తిరక్కుండా మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. గ్రంథపాలకురాలు సువార్తమ్మ దాన్ని నిలబడి చదివింది.

"క్షేత్రస్థాయి పరిశీలనలో తేలినదేమనగా, కౌమార పాఠకులలో చర్చా చైతన్యమునకు మూలకారణము తెలియకపోవుటయే. ఒక్క అధ్యాయము తెలియనంత మాత్రముననే ఇంతటి చైతన్యము ఉప్పొంగుచుండగా, నవల యావత్తు తెలియనిచో ఉప్పొంగు చైతన్యము ఊహకందనిది. కావున ఇకపై చర్చకు స్వీకరించిన నవలను సభ్యులు గాని, నిర్వాహకులు గాని, సిబ్బంది గాని చదవరాదు. ఈ విధానమునకు పఠనపూర్వ చర్చ అని నామకరణము చేయడమైనది."

దివాకర్ లక్కా, కొవ్వొత్తీ పట్టుకుని స్వయంగా వచ్చాడు. "గోగులపాటి రేవు"ని బీరువాలో పెట్టి తాళం మీద ముద్ర వేశాడు.

"నేను జీతం తీసుకునేది బీరువాలు తెరవడానికండి, ముయ్యడానికి కాదు," అంది సువార్తమ్మ.

"జీతంలో మార్పేమీ ఉండదు మేడమ్."

సువార్తమ్మ కొవ్వొత్తి పట్టుకుంది.

గవర్రాజు పొడుగాటి మాటలు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడాడు. "ఒక్క అధ్యాయం మిగిలిందండి. వచ్చే శనివారం చదివేసి పుస్తకం మీ చేతికిచ్చేస్తాను. తర్వాత మీ ఇష్టం. ముద్ర వేసుకోండి, ఏట్లో పారేసుకోండి."

దివాకర్ జాలిగా తల ఊపాడు. "అదేనండి ప్రమాదం. ఈ పిల్లల్లో చెక్కుచెదరకుండా మిగిలిన అజ్ఞానం ఆ అధ్యాయం ఒక్కటే. దాన్ని మనం కాపాడుకోవాలి."

పుస్తకం బయట దొరికేది కాదు. అచ్చు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. గవర్రాజు రాజమండ్రి వెళ్ళి పాతపుస్తకాల కొట్లన్నీ తిరిగి, ఉత్తచేతులతో వచ్చాడు. నాగరత్తమ్మ తాడు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పొద్దున్న పళ్ళు తోముకుంటున్నప్పుడూ, మజ్జిగన్నం కలుపుకుంటున్నప్పుడూ ఆవిడ ఆయన ఎదురుగా అలాగే నిలబడి ఉండేది.

పఠనపూర్వ చర్చకి ఎంతో కొంత ఆధారం కావాలి కాబట్టి మండలి జిల్లా అంతటికీ ఒక వాక్యం పంపింది. దానికి చర్చాబీజమని పేరు. "ఒక స్త్రీ చేతిలో తాడు కలదు." అంతే. ప్రతి శనివారం ప్రతి ఊళ్ళోనూ పిల్లలు దీన్ని చర్చించాలి. ఒక ఊరి వాళ్ళు తాడుకి అటు కొసన గేదె ఉందన్నారు. మరో ఊరి వాళ్ళు అది బావి చేద అన్నారు. రెండు ఊళ్ళ మధ్య పోటీ పెడితే చర్చ మధ్యాహ్నం భోజనాలు దాటిపోయింది. విధానం విజయవంతమైందని దివాకర్ పైకి నివేదించాడు. అబద్ధం కాదు. అరుపులు నిజంగానే పెరిగాయి.

చిక్కల్లా గుమ్మలూరుతో వచ్చింది. ఇక్కడి పిల్లలకి నవల దాదాపు అంతా తెలుసు. మండలి వాళ్ళని "పూర్వజ్ఞాన బాధితులు"గా గుర్తించి, హైస్కూలు ఆవరణలో విస్మరణ శిబిరం ఏర్పాటు చేసింది. వచ్చినవాళ్ళకి నిమ్మరసం, ఉప్మా ఇచ్చారు. ఒక నిపుణురాలు వచ్చి కళ్ళు మూసుకోమని, నది లేదనుకోమని, బల్లకట్టు లేదనుకోమని మెత్తటి గొంతుతో చెప్పింది. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి పరీక్షించారు.

"నాగరత్తమ్మ ఎవరు?"

"మా సందు చివర ఇడ్లీలేస్తాదండి," అన్నాడు అబ్బులు.

అబ్బులు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ఝాన్సీ చాలాసేపు బల్ల వైపు చూసి "తెలీదండి" అంది. ఆ పిల్ల అబద్ధమాడ్డం గవర్రాజు మొదటిసారి చూశాడు. ఆయన వంతు వచ్చింది.

"మీరు మర్చిపోయారాండీ?" అని దివాకర్ మర్యాదగా అడిగాడు.

"లేదు."

"ప్రయత్నించండి."

"సగం మా ఆవిడ గొంతుతో ఉందండి. కుదరదు."

దివాకర్ పక్కవాళ్ళతో సంప్రదించాడు. గవర్రాజుని నయంకాని కేసు కింద రాసుకుని, చర్చ జరిగేటప్పుడు గుమ్మం బయట కూర్చోవాలన్న షరతు మీద నిర్వాహకుడిగా కొనసాగనిచ్చారు.

ఆయన గుమ్మం బయటే కూర్చున్నాడు. లోపల పిల్లల మాటలు వినబడేవి. మొదట్లో వాళ్ళు కావాలని గేదె గురించి మాట్లాడి పడీపడీ నవ్వేవారు. కొన్నాళ్ళకి నవ్వడం మానేశారు. "నా దృక్కోణంలో," అనడం మొదలుపెట్టారు. "మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను," అని అబ్బులు అన్న రోజున గవర్రాజు లేచి లోపలికి చూశాడు, వాడేనా కాదా అని. వాడే. చేతులు కట్టుకుని ఉన్నాడు. చింతపిక్కలు పోయి మండలి ముద్ర ఉన్న ప్లాస్టిక్ బిళ్ళలు వచ్చాయి. ఎవరూ చదవని పుస్తకానికి కాగితాలు దండగని గమనించి, మండలి ఆ ఏడాది అట్టలు మాత్రమే కొన్నది. లోపల చెక్క దిమ్మ, పైన రంగుల అట్ట. దుమ్ము దులపడం తేలికైందని సువార్తమ్మ కూడా ఒప్పుకుంది.

వేసవికి ముందు ఏలూరులో తుది పోటీలు పెట్టారు. గుమ్మలూరు జట్టు అక్కడిదాకా వెళ్ళింది. హాలు నిండా అధికారులు, శాలువాలు, పూలదండలు. ఒక్కరూ నవల చదివినవాళ్ళు లేరని ప్రమాణపత్రం తీసుకున్నాకే లోపలికి పంపారు. నయంకాని కేసు కాబట్టి గవర్రాజుకి తలుపు పక్కన కుర్చీ వేశారు.

న్యాయనిర్ణేత ఒక విశ్రాంత ఆచార్యుడు. రెండు జట్లూ మాట్లాడాక ఆయన మైకు అందుకున్నాడు. "తాడు అనగా బంధము. నది అనగా కాలము," అన్నాడు. నది ఉన్నట్టు ఆయనకెలా తెలిసిందని ఎవరూ అడగలేదు. ఆచార్యులకి నది ఎప్పుడూ ఉంటుంది. "ఇక ఆ స్త్రీ. ఆమె నిలబడినది. నిలబడియే ఉన్నది. ఆమె ఏ నిర్ణయమూ తీసుకొనలేదు, తీసుకొనజాలదు. తాడు ఆమెను పట్టుకొన్నదే గాని, ఆమె తాడును పట్టుకొనలేదు!"

చప్పట్లు మోగాయి.

"కాదండీ!" అని ఝాన్సీ లేచింది. "ఆవిడ తీసుకుంది. నేను చదివాను. ఆవిడ తాడు..."

మైకు ఆగిపోయింది. ఎవరో తీగ లాగేశారు. పిల్ల పెదాలు కదులుతున్నాయి గానీ హాల్లో ఎవరికీ వినబడలేదు. వినబడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అధికారులందరూ రెండు చేతులతోనూ చెవులు మూసుకున్నారు. మండలి అధ్యక్షుడైతే కుర్చీ వెనక్కి వంగిపోయాడు. శాలువా కప్పుకున్న పెద్దమనిషి ఒకాయన "అంటుకుంటుంది, అంటుకుంటుంది!" అంటూ తలుపు వైపు పరుగెత్తాడు. గవర్రాజు మాత్రం చెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. ఆ గోలలో ఆయనకీ అందలేదు.

దివాకర్ వేదిక ఎక్కి పిల్ల పక్కన వంగాడు. గొంతులో నిజంగానే ఆపేక్ష ఉంది. "ఊహించానని చెప్పమ్మా. ఊహకి మార్కులున్నాయి. మొదటి బహుమతి మీదే. మీ బృందం ఉంటుంది, మీ శనివారాలు ఉంటాయి. ఊహించాను అను, చాలు."

ఝాన్సీ తలుపు వైపు చూసింది. గవర్రాజు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

"ఊహించలేదండి, చదివాను," అంది. "మండపేటలో మా పిన్ని అత్తారింట పెళ్ళికెళ్తే అక్కడ అటక మీద దొరికింది. వంటపందిరి వెనక కూర్చుని చదివాను. ఏడిచాను కూడా. మా పిన్ని మావగారు పుస్తకం గడప దాటనివ్వనన్నారండి, లేపోతే పట్టుకొచ్చేద్దును."

గుమ్మలూరు జట్టు అనర్హమైంది. మర్నాటికి బృందం రద్దయింది. ఆ గ్రంథాలయం కలుషిత కేంద్రమని తేల్చి, అట్టలు కాని పుస్తకాలన్నిటినీ లారీలో ఎక్కించి జిల్లా గోదాముకి పంపించారు. ముద్ర వేసిన బీరువాని ముద్రతో సహా ఎక్కించారు. బహుమతి గేదె జట్టుకి వచ్చింది.

పోటీ జరిగిన ఆ శనివారం సాయంత్రమే ఏలూరు నుంచి తిరుగు బస్సు ఎక్కారు. అబ్బులు ఆగలేకపోయాడు.

"చెప్పెయ్యవే బాబూ. వదిలిందా?"

ఝాన్సీ గవర్రాజు వైపు తిరిగింది. "ముందే చెబుదామనుకున్నానండి తాతగారూ. తొంగిచూశానని గుమ్మం బయట కూర్చోబెడతారని చెప్పలేదు."

"గుమ్మం బయట నేనే ఉన్నాను కదే," అన్నాడు గవర్రాజు. "ముక్తసరిగా చెప్పకు. చదివినట్టు చెప్పు," అన్నాడు.

ఆ పిల్ల చదివినట్టే చెప్పింది. మాట మాటా గుర్తుంది. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. చేపల గంపతో ఎక్కిన ఒకావిడ దిగాల్సిన ఊరు దాటిపోయింది, దాటిపోయిందని తెలిశాక కూడా దిగలేదు. అధ్యాయం అయిపోయింది.

"తప్పెవరిది?" అన్నాడు గవర్రాజు.

గుమ్మలూరు వచ్చేదాకా కొట్లాడుకున్నారు. కండక్టరు సూర్రావు పక్షం పట్టి తిట్లు తిన్నాడు. చేపలావిడ అందరికన్నా గట్టిగా అరిచింది. అదే ఆఖరు శనివారం. తర్వాత ఝాన్సీ కాకినాడ కాలేజీకి వెళ్ళింది. అబ్బులు పోటీ పరీక్షల్లో చేరాడు.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం దివాకర్ గవర్రాజు ఇంటికొచ్చాడు. ఆయనకి పదోన్నతి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రమంతా తిరిగి తాడు గురించి ప్రసంగిస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. అరుగు కిందే నిలబడి మంచినీళ్ళు అడిగాడు. గవర్రాజు ఇచ్చాడు.

"చిన్న విషయమండి గవర్రాజుగారూ," అన్నాడు, గ్లాసు రెండు చేతుల్లోనూ తిప్పుతూ. "వదిలిందాండీ?"

గవర్రాజు నీళ్ళ చెంబు మీద మూత పెట్టాడు.

"అవునో కాదో చెప్పండి, చాలు. నిద్ర పట్టట్లేదండి. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఆ పిల్లల మాటలు విన్న దగ్గర్నుంచీ ఆవిడే కళ్ళముందు ఉంటోంది."

"గోదాములో ఉందిగా పుస్తకం. చదువుకోండి."

"చదివితే ఈ ఉద్యోగానికి పనికిరానండి. ఆ నిబంధన రాసింది నేనే."

"మరి నన్నెందుకు అడుగుతున్నారు?"

"మీరు చెబితే నేను విన్నట్టు ఎవరికి తెలుస్తుందండి?"

గవర్రాజు ఆయన్ని కింద నుంచి మీద దాకా చూశాడు. బాయిలరు దగ్గర ముప్పావు జీవితం గడిపిన మనిషి చూపు అది. ఎక్కడ ఆవిరి పోతోందో వెతికే చూపు.

"చర్చించుకోండి," అన్నాడు.

దివాకర్ నిలబడే ఉన్నాడు. వాన చినుకులు మొదలయ్యాయి. లోపలికి రమ్మంటారేమోనని చూశాడు. గవర్రాజు గ్లాసు తీసుకుని బోర్లించాడు.

"ఆ తాడు సంగతి నా దగ్గర ఎత్తడం ఇదే ఆఖరు. మీరే కాదు, ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినా నేను మాట్లాడను."

తలుపు వేసుకున్నాడు. మాట్లాడలేదు. మాట్లాడడు.